కుడితి తొట్టిలో కొండ తోట

మా పుట్టిల్లు చంద్రగిరి దాటాక ఒక చిన్న పల్లె. పశువుల కొట్టం ముందు రాతి కుడితి తొట్టి ఒకటి ఉండేది. మూడున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు అన్నీ అందులోకే పోయేవి. చివరి ఆవును అమ్మి ఆరేళ్ళయింది. మొన్నామధ్య అన్న కొట్టం తీసేసి కారు షెడ్డు వేస్తూ ఫోన్ చేశాడు. "ఈ తొట్టి అడ్డంగా ఉంది, పగలగొట్టి పునాదిలో వేసేద్దామా?" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. "వద్దన్నా, నేను తెచ్చుకుంటా" అనేశాను.

ఆ మాట ఊరికే రాలేదు. ఆల్పైన్ తొట్ల గురించి అప్పటికే ఏడాదిగా చదువుతున్నాను. ఆల్పైన్ మొక్కలంటే పెద్ద కొండల మీద, చెట్లు కూడా పెరగలేని ఎత్తులో, రాళ్ళ సందుల్లో బతికే పొట్టి మొక్కలు. ఇంగ్లండ్‌లో వాటిని పాత రాతి తొట్లలో పెంచుతారు. స్టీవెనేజ్‌లో సిక్స్ హిల్స్ నర్సరీ నడిపిన క్లారెన్స్ ఇలియట్ 1920లలో చెల్సీ పూల ప్రదర్శనలో ఇలాంటి తొట్లు పెట్టాక అది బాగా పాకింది. ఆ తొట్లు మరేవో కావు. పశువులు నీళ్ళు తాగినవి, వంటింట్లో గిన్నెలు తోమినవి. రేకు తొట్లు, పింగాణీ సింకులు వచ్చాక మూలన పడ్డ రాళ్ళవి. చదువుతుంటే మా కొట్టమే కళ్ళ ముందు మెదిలింది. మా ఊళ్ళోనూ ప్లాస్టిక్ టబ్బులు వచ్చాకే కదా రాతి తొట్లు పక్కకు పోయింది!

తిరుపతిలో మా ఇంటికి ఉత్తరం వైపు పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు జాగా ఖాళీగా పడి ఉంది. ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్ళలు, బోరు వేసినప్పుడు వచ్చిన బూడిద రంగు మన్ను అక్కడే గట్టిపడిపోయాయి. గడ్డి కూడా మొలిచేది కాదు. ఇద్దరు మనుషుల్ని పెట్టి అడుగు లోతు తవ్వించి, గేటు వైపు వాలు పెట్టి, ముప్పావు అంగుళం కంకర పరిపించాను. అది రెండు రోజుల పని.

తొట్టిని తేవడమే అసలు పని. ఘనపు మీటరు గ్రానైట్ సుమారు 2,700 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన మా తొట్టి మూడు వందల కిలోల పైమాటే. మేడ మీద పెట్టుకోవాలన్న ఆశ ఉన్నవాళ్ళు ఈ లెక్క ముందు వేసుకోండి, మట్టి, తడి బరువు దీనికి అదనం. గడ్డపారలతో లేపి, కింద ఇనుప పైపులు వేసి దొర్లించి, ట్రాక్టర్ ఎక్కించారు. దించాక చూస్తే అంచు ఒక పక్క అద్దంలా నున్నగా ఉంది. మిగతా మూడు వైపులా ఉలి దెబ్బలు తెలుస్తున్నాయి. ఆ నున్నదనం ఆవుల మెడలు రాసుకుని, రాసుకుని వచ్చిందే. అమ్మ దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కుడితి తొట్టికి కన్నం ఉండదు. మొక్కకు కన్నం లేనిదే బతుకు లేదు. రాళ్ళు కొట్టే అతన్ని పిలిస్తే, "అక్కా, సుత్తీ ఉలీ పెడితే నిలువునా చీలుతుంది. పాతరాయి, లోపల ఎక్కడ జీర ఉందో మనకు తెలీదు" అని, వజ్రపు బిట్ ఉన్న డ్రిల్లు తెచ్చాడు. నేను చెంబుతో నీళ్ళు పోస్తూ ఉండాలి, అతను తొలుస్తూ ఉండాలి. పాలలాంటి తెల్లటి రాతినీళ్ళు వస్తూనే ఉన్నాయి. నాలుగంగుళాల మందం, అంగుళం వెడల్పున మూడు కన్నాలకు రెండు గంటలు పట్టింది. ఒక్క నెర్ర పడలేదు. అతని ఓపికకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇక్కడి నుంచి నేను చేసిన తప్పు చెప్పాలి. నీళ్ళు నిలవకూడదని తెలుసు. అందుకని అడుగున నాలుగంగుళాలు కంకర పోసి, పైన ఎర్రమన్ను, పశువుల ఎరువు, క్రషర్ డస్ట్ కలిపి నింపాను. రాతి పొడి కదా, రాళ్ళలో పెరిగే మొక్కలకు సరిగ్గా సరిపోతుందనుకున్నాను. సెప్టెంబర్ చివర మొక్కలు పెట్టాను. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు పడతాయన్న సంగతి తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని ఎలా మరిచానో!

నవంబర్‌లో ముసురు పట్టింది. నాలుగో రోజు చూస్తే తొట్టిలో నీళ్ళు పైన తేలి ఉన్నాయి. ఊటీ నుంచి తెప్పించుకున్న సెంపర్‌వైవమ్ అనే ఆల్పైన్ మొక్కలు మూడూ మొదలు దగ్గర నల్లబడ్డాయి. ముట్టుకుంటే ఆకులు జారి చేతికొచ్చాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వానలు ఆగాక మొత్తం తోడి పోశాను. క్రషర్ డస్ట్‌లో ఉన్న మెత్తటి పొడి మట్టి సందులన్నీ పూడ్చి, సిమెంటులా బిగిసిపోయింది. కంకర పొర సంగతి ఇంకా ఆశ్చర్యం. మెత్తటి మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా నానితే తప్ప కింద ఉన్న కంకరలోకి దిగదు. అంటే కంకర వేసి నేను తడిని వేళ్ళకు ఇంకా దగ్గరికి తెచ్చానన్నమాట. నీళ్ళు పోవాలంటే మట్టి అంతా పైనుంచి కిందిదాకా ఒకేలా గరుకుగా ఉండాలి.

రెండోసారి కన్నాల మీద నైలాన్ జాలీ, పెంకు ముక్క, అంతే. మూడు వంతులు కొలిచాను. ఎర్రమన్ను ఒక వంతు, బాగా మగ్గిన ఆకు ఎరువు ఒక వంతు, కడిగిన దొడ్డు ఇసుక, బేబీ చిప్స్ అనే సన్న కంకర కలిపి ఒక వంతు. చిప్స్‌ను నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాను. తొట్టి కింద నాలుగంగుళాల ఎత్తున రెండు రాళ్ళు పెట్టి, కన్నాల వైపు కాస్త వాల్చాను. ఒక బక్కెట్ నీళ్ళు పోస్తే క్షణాల్లో కిందికి దూకాయి. ఆ చప్పుడు విని నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

రాళ్ళు పేర్చడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. తిరుమల ఘాట్ రోడ్డులో పోయేటప్పుడు కొండ చరియల్లో క్వార్ట్‌జైట్ పొరలు పుస్తకాలు పేర్చినట్టు కనిపిస్తాయి కదా, అది మనసులో పెట్టుకున్నాను. శేషాచలం నుంచి ఒక్క రాయి గానీ ఒక్క మొక్క గానీ తేలేదు, తేకూడదు కూడా. వంటగట్టు వేసినప్పుడు మిగిలిన కడప బండ ముక్కలు ఉన్నాయి. వాటిని నిలువుగా, వేలెడు సందులతో, అన్నీ ఒకే వైపు ఒరిగేలా పాతాను. బండలో సగం పైగా మట్టిలో ఉండాలి, అప్పుడే పైన పెట్టినట్టు కాక లోపల్నుంచి లేచినట్టు కనిపిస్తుంది.

మొక్కల విషయంలో మనసు మార్చుకున్నాను. ఆల్పైన్ మొక్కకు చలికాలపు విశ్రాంతి కావాలి. మే నెలలో రాత్రిపూట కూడా చల్లబడని ఊళ్ళో దాన్ని పెట్టి ఉసురు పోసుకోవడం ఎందుకు? పద్ధతి వాళ్ళది, మొక్కలు మనవి. జనవరిలో రణపాల, చిన్న రకం కలబంద, జేడ్, హవోర్తియా, అంచున వేలాడేలా టేబుల్ రోజ్, ఒక మూల రెయిన్ లిల్లీ గడ్డలు పెట్టాను. నడుమ సందులో మా పొలం గట్టు నుంచి తెచ్చిన కారల్లం. చిన్నప్పుడు మా అవ్వ దీని కాడలతో పచ్చడి చేసేది. దీని శాస్త్రనామం కారల్లుమా అనేది మన తెలుగు పేరు నుంచే తీసుకున్నారని తెలిసినప్పుడు ఒళ్ళు పులకరించింది. నాలుగు పలకల కాడ, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, ఆకులు ఉన్నట్టే కనపడవు. నాటిన తర్వాత పైన అంగుళం మందాన చిప్స్ పరిచాను. మొక్క మెడ దగ్గర తడి నిలవకుండా కాపాడేది ఆ పొరే.

ఒక్క తొట్టి అంత జాగాలో ఒంటరిగా కనిపించింది. పక్కన పెట్టడానికి చేపల థర్మోకోల్ పెట్టెను అచ్చుగా వాడి హైపర్‌టుఫా, అంటే రాయిలా కనిపించే తేలిక సిమెంటు మిశ్రమంతో తొట్టి ఒకటి పోశాను. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒక పాలు, కొబ్బరి పొట్టు రెండు పాళ్ళు. తడి గోనె కప్పి నాలుగు వారాలు ఉంచి, సిమెంటు ఘాటు పోయేదాకా పదే పదే కడిగాను. చూడ్డానికి రాయిలాగే ఉంటుంది, ఇద్దరం ఎత్తగలిగాం.

ఎండాకాలం టెన్షన్ పెట్టింది. మధ్యాహ్నం గ్రానైట్ అంచు మీద చెయ్యి ఆనలేదు. పడమర వైపు సగం ఎండ ఆపే పచ్చ నెట్టు కట్టాను, ఐదు రోజులకొకసారి తెల్లవారుజామునే నీళ్ళు పోశాను. హవోర్తియా రెండు పోయాయి. కారల్లం మాత్రం ముడుచుకుని, దుమ్ము రంగులోకి మారి, అలాగే ఉండిపోయింది. తొలకరి పడ్డాక పచ్చబడి, కాడల చివర ఊదారంగు పూలు వేలాడేసింది. పూసిన రోజు నుంచీ ఈగలు వదల్లేదు, వాటి ద్వారానే దానికి పరాగసంపర్కం.

మళ్ళీ నవంబర్ వచ్చింది. రెండు రోజులు ఎడతెరిపి లేని వాన. గొడుగు వేసుకుని వెళ్ళి వంగి చూశాను. రెండు కన్నాల నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి, మూడోది ఆగిపోయింది. ఇనుప తీగ పెట్టి పొడిస్తే చీమలు పెట్టిన మట్టి ముద్ద ఊడి వచ్చింది, వెనకే నీళ్ళు. పైన చిప్స్ అప్పటికే ఆరుతున్నాయి. లోపలికొచ్చి అన్నకు ఫోన్ చేశాను. బావి పక్కన సగం పూడిపోయిన చిన్న తొట్టి ఇంకొకటి ఉంది కదా, సంక్రాంతికి వచ్చినప్పుడు దాన్ని తవ్వి తీద్దామని.