ఫోల్డర్‌కీ డేటాబేస్‌కీ లెక్క కుదరాలంటే

డాక్యుమెంట్ సాఫ్ట్‌వేర్‌లో వెతికితే రసీదు కనిపిస్తుంది, తెరవబోతే ఫైల్ లేదంటుంది. లేదా ఫైల్ డిస్క్ మీద భద్రంగానే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం దాని ఊసే తెలియదు. ఒకే కాగితం గురించి రెండు చోట్ల రాసుకుని, ఒకచోట మార్చి రెండోచోట మార్చకపోతే జరిగేది ఇదే.

అందుకని ముందు తేలాల్సింది ఫైల్ మీద అధికారం ఎవరిదన్నది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైల్‌ను తమలోకి తీసేసుకుంటాయి. స్కాన్ చేసిన కాగితాలను దాచిపెట్టే పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ అలాంటిది: కన్స్యూమ్ ఫోల్డర్‌లో వేసిన ఫైల్‌ను చదివి, మీడియా ఫోల్డర్‌లోకి చేర్చి, కన్స్యూమ్ నుంచి తీసేస్తుంది. ఆ తర్వాత మీడియా ఫోల్డర్‌లో చేత్తో పేరు మార్చినా, పక్కకు జరిపినా డేటాబేస్‌లో రాసుకున్న చిరునామా చెల్లదు. ఈ-పుస్తకాలను సర్దే క్యాలిబర్ లైబ్రరీ ఫోల్డర్ కూడా అంతే. మరికొన్ని ఫైల్‌ను ఉన్నచోటే ఉంచి చిరునామా మాత్రం రాసుకుంటాయి. పరిశోధన వ్యాసాలు దాచుకునే జొటేరోలో లింక్ చేసిన ఫైల్, మ్యాక్‌లో డాక్యుమెంట్లు సర్దే డెవన్‌థింక్‌లో ఇండెక్స్ చేసిన ఫోల్డర్ ఈ కోవలోవి. మొదటి రకంలో అధికారం సాఫ్ట్‌వేర్‌ది, రెండో రకంలో ఫోల్డర్‌ది. ఒకే ఫోల్డర్‌కి రెండూ పెట్టుకోవద్దు.

మొదటి రకంతో పని తక్కువే. పేపర్‌లెస్‌లో పేర్లు నచ్చకపోతే ఫైల్‌నేమ్ ఫార్మాట్ సెట్టింగ్ మార్చి డాక్యుమెంట్ రీనేమర్ కమాండ్ నడపాలి. డిస్క్ మీదా డేటాబేస్‌లోనూ పేర్లు కలిసి మారతాయి. డాక్యుమెంట్ శానిటీ చెకర్ నడిపితే కనబడకుండా పోయిన ఫైళ్లు, చెక్‌సమ్ (ఫైల్‌లోని బైట్ల నుంచి లెక్కగట్టిన గుర్తింపు సంఖ్య) తేడా వచ్చినవి, ఏ రికార్డుకీ చెందకుండా మిగిలిపోయినవి బయటపడతాయి. చిక్కంతా రెండో రకంతోనే.

ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి మార్పుకీ కబురు పంపుతుందన్న ధీమా చాలామందిది. పంపుతుంది, కానీ అన్నీ చేరవు. లినక్స్‌లో ఈ కబుర్లు అందించే ఐనోటిఫై, చూడమన్న ఫోల్డర్ ఒక్కదాన్నే చూస్తుంది. లోపలి ప్రతి సబ్‌ఫోల్డర్‌కీ విడిగా వాచ్ (కాపలా) పెట్టాలి. పాత కెర్నళ్లలో (లినక్స్ మూలభాగంలో) ఒక్కో యూజర్‌కి డిఫాల్ట్ పరిమితి 8192 వాచ్‌లు, 5.11 వెర్షన్ నుంచి ర్యామ్‌ను బట్టి పెరుగుతుంది. కొత్త సబ్‌ఫోల్డర్ పుట్టాక దానికి వాచ్ పెట్టేలోపు అందులో పడిన ఫైళ్ల కబురు రాదు, కాబట్టి వాచ్ పెట్టగానే ఆ ఫోల్డర్‌ను ఒకసారి పూర్తిగా చదవాలి. క్యూలో డిఫాల్ట్‌గా 16384 కబుర్లకే చోటు. నిండితే మిగతావి పోయి, "పొంగిపోయింది" అనే ఒక్క కబురు మిగులుతుంది. విండోస్‌లో అదే పని చేసే డాట్‌నెట్ ఫైల్‌సిస్టమ్‌వాచర్ బఫర్ (కబుర్లు తాత్కాలికంగా దాచే చోటు) డిఫాల్ట్‌గా 8 కేబీ, గరిష్ఠంగా 64 కేబీ. వేల ఫైళ్లున్న జిప్‌ను ఒక్కసారిగా విప్పితే అది చాలదు. ఇక ఎన్‌ఎఫ్‌ఎస్, సాంబా షేర్ల (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్ల) మీద వేరే మెషీన్ చేసిన మార్పు ఐనోటిఫైకి అసలు కనిపించదు. అక్కడ నిర్ణీత వ్యవధికోసారి వెళ్లి చూసుకోవడమే, అంటే పోలింగే దారి. పేపర్‌లెస్ కన్స్యూమ్ ఫోల్డర్ నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఉంటే కన్స్యూమర్ పోలింగ్ సెట్టింగ్ అవసరమయ్యేది అందుకే.

కబురు వేగం కోసం. లెక్క సరిచూసేది మాత్రం స్కానే, అంటే ఫోల్డర్ మొత్తాన్ని ఒకసారి చదివి పోల్చడమే. కబుర్ల మీదే ఆధారపడి, పూర్తి స్కాన్ లేకుండా నడిచే ఏ సింక్‌నీ (రెండుచోట్లా లెక్క కలిపే ప్రోగ్రామ్‌నీ) నమ్మకూడదు.

స్కాన్‌కి పోల్చుకోవడానికి గత లెక్క ఉండాలి. చివరిసారి చూసినప్పుడు ప్రతి ఫైల్ దారి, సైజు, మార్పు సమయం, హ్యాష్ (చెక్‌సమ్ లాంటి గుర్తింపు సంఖ్య) ఏమిటో ఒక టేబుల్‌లో ఉంచాలి. అది లేకపోతే, ఒకవైపు ఉండి రెండోవైపు లేని ఫైల్ ఇక్కడ కొత్తగా వచ్చిందా, అక్కడ డిలీట్ అయిందా అన్నది తేల్చడం ఎవరి తరమూ కాదు. రోజూ రాత్రి సైజు, సమయం చూస్తే చాలు. తేడా ఉన్నవాటికే హ్యాష్ తీయాలి. నెలకోసారి అన్నిటికీ హ్యాష్ తీయాలి. సెకనుకి 100 ఎంబీ చదివే డిస్క్‌లో 200 జీబీకి దాదాపు 34 నిమిషాలు పడుతుంది. ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లు మార్పు సమయాన్ని 2 సెకన్ల గుణిజాల్లోనే రాస్తాయి, కనుక ఆ మాత్రం తేడాని లెక్కచేయకూడదు. ఒక జాగ్రత్త: వన్‌డ్రైవ్ లాంటి చోట్ల పేరు మాత్రమే ఇక్కడుండి అసలు ఫైల్ క్లౌడ్‌లో ఉన్నవాటికి హ్యాష్ తీయబోతే ఫైళ్లన్నీ డౌన్‌లోడ్ కావడం మొదలుపెడతాయి. స్కాన్ చేసే ప్రోగ్రామ్ వాటిని గుర్తుపట్టి వదిలేయాలి.

తేడా కనిపించాక తీర్పు ఇలా. దారి అదే, హ్యాష్ మారింది: ఎడిట్ చేశారు. పాత దారిలో లేదు, అదే హ్యాష్‌తో కొత్త దారిలో ఉంది: జరిపారు, ట్యాగులు దానికే అంటిపెట్టుకోవాలి. రెండూ మారితే మనిషినే అడగాలి. సున్నా బైట్ల ఫైళ్లన్నిటికీ హ్యాష్ ఒకటే, వాటిని హ్యాష్‌తో జతకలపకూడదు. ఖాళీ దరఖాస్తు ఫారాల్లాంటి నకళ్లు పదిచోట్ల ఉన్నప్పుడూ ఇదే ఇబ్బంది.

ఇనోడ్ నంబర్‌తో (ఫైల్ సిస్టమ్ ప్రతి ఫైల్‌కీ ఇచ్చే నంబర్‌తో) గుర్తుపట్టవచ్చు కదా అంటే, వర్డ్ ఎలా సేవ్ చేస్తుందో చూడండి. కొత్త పాఠాన్ని ఒక తాత్కాలిక ఫైల్‌లో రాస్తుంది, పాతదాని పేరు మారుస్తుంది, తాత్కాలిక ఫైల్‌కి అసలు పేరు పెడుతుంది, పాతదాన్ని చెరిపేస్తుంది. మీకు కనిపించేది ఒక్క సేవ్. కబుర్లు వినే వాచర్‌కి కనిపించేది ఒక పుట్టుక, రెండు పేరుమార్పులు, ఒక చావు. పైగా ఫైల్ సిస్టమ్ లెక్కలో ఇది వేరే ఫైల్. అందుకే కబురు రాగానే తీర్పు చెప్పకుండా అయిదు పది సెకన్లు ఆగి, ఆ దారిలో చివరికి ఏం మిగిలిందో చూడాలి. ~$ తో మొదలయ్యే ఆఫీస్ లాక్ ఫైళ్లను, మ్యాక్ వదిలే డీఎస్-స్టోర్ ఫైళ్లను ముందే మినహాయించాలి.

సగం కాపీ అయిన ఫైల్‌ను చదవడం మరో తప్పు. స్కానర్ మెషీన్ పెద్ద పీడీఎఫ్‌ను నెట్‌వర్క్ మీద నెమ్మదిగా రాస్తూ ఉంటుంది. మధ్యలో తెరిస్తే పాడైన ఫైల్‌గా నమోదవుతుంది. సైజు రెండు తనిఖీల్లో మారకుండా ఉండేదాకా ఆగాలి. ఫైల్ వేసేది మన స్క్రిప్టే అయితే ఇంకా నయం: అదే డిస్క్ మీద వేరే పేరుతో పూర్తిగా రాసి, ఆఖర్న రీనేమ్ చేస్తే చాలు.

డిలీట్ దగ్గర భయం ఉండాలి. డ్రైవ్ మౌంట్ కాకపోతే (సిస్టమ్‌కి అందకపోతే) ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. అమాయకపు సింక్ అన్నీ పోయాయనుకుని డేటాబేస్‌ను ఊడ్చేస్తుంది. ఫైళ్లను మెషీన్ల మధ్య సింక్ చేసే సింక్‌థింగ్ ప్రతి ఫోల్డర్‌లో ఒక గుర్తు పెట్టుకుని, అది కనబడకపోతే పని ఆపేస్తుంది. రెండు చోట్లి ఫైళ్లను ఒకేలా ఉంచే ఆర్‌క్లోన్ బైసింక్ సగానికి మించి ఫైళ్లు డిలీట్ కాబోతుంటే డిఫాల్ట్‌గా ఆగిపోతుంది. సొంత స్క్రిప్టులో ఈ రెండూ ఉండాలి. కనబడని ఫైల్ రికార్డును వెంటనే చెరపకుండా "కనబడటం లేదు" అని గుర్తు వేసి 30 రోజులు ఉంచండి. ట్యాగులూ నోట్సూ ఎవరో కూర్చుని చేసిన శ్రమ, అవి ఫైల్‌లో ఉండవు.

ఇక తెలుగు పేర్లు. "పైకప్పు రసీదు"లో ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు గుర్తు, రెండిటినీ కలిపి. తెరమీద తేడా లేదు, బైట్లు వేరు. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసే దాస్తుంది. అక్కడి నుంచి లినక్స్‌కి కాపీ చేస్తే ఒకే పేరుతో రెండు ఫైళ్లు కనిపించవచ్చు. పోల్చే ముందు రెండు పేర్లనూ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (గుర్తులను కలిపి రాసే యూనికోడ్ రూపంలోకి) తేవాలి. "ఫోల్డర్‌కి" లాంటి మాటల్లో పొల్లు తర్వాత దాగుండే కంటికి కనబడని అక్షరం మాత్రం ఎన్‌ఎఫ్‌సీతో పోదు, దాన్ని విడిగా చూసుకోవాలి. పొడవు సంగతి: లినక్స్ ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో పేరుకి 255 బైట్లే. తెలుగులో ప్రతి గుర్తుకీ 3 బైట్లు కాబట్టి ఒత్తులూ గుణింతాలూ కలుపుకుని 85 గుర్తులు దాటితే పేరు పట్టదు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో చక్కగా పట్టిన 100 గుర్తుల పేరు ఇక్కడ కాపీయే కాదు.

డేటాబేస్ ఫైల్‌ను మాత్రం క్లౌడ్ సింక్ ఫోల్డర్‌లో పెట్టకండి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ నడుస్తున్నప్పుడు అసలు ఫైల్, దాని లాగ్ ఫైల్ కలిసి ఒక లెక్క. సింక్ క్లయింట్ వాటిని వేర్వేరు క్షణాల్లో కాపీ చేస్తే అవతల చేరేది పాడైన డేటాబేస్. బ్యాకప్‌కి సర్వీస్ ఆపడం మేలు. ఆపలేకపోతే ముందు డేటాబేస్ డంప్ (మొత్తం నకలు), తర్వాతే ఫైళ్లు. ఈ వరుసలో నడుమ చేరిన కొత్త ఫైల్ రికార్డు లేకుండా మిగులుతుంది, స్కాన్‌తో మళ్లీ చేర్చుకోవచ్చు. తిరగేసి చేస్తే రికార్డు మిగిలి ఫైల్ ఉండదు, దాన్ని తిరిగి తేలేం. బ్యాకప్ జరుగుతున్నంతసేపూ డిలీట్లు, పేరుమార్పులు ఆపి ఉంచాలి. ఆ మధ్యలో పోయిన ఫైల్‌కి ఏ వరుసా కాపు కాయదు.