మిద్దె మీద రై బీరు

మొన్న మా బావమరిది మ్యూనిక్ నుంచి అనంతపురం వస్తూ బట్టల మధ్యలో చుట్టి రెండు అరలీటరు సీసాలు తెచ్చాడు. జర్మనీలోని బవేరియాలో బీరు కాచే ఏదో చిన్న క్రాఫ్ట్ బ్రూవరీవి, లేబుల్ మీద రోగెన్‌బియర్ అని ఉంది. "బావా, ఇది అక్కడ కూడా అన్ని చోట్లా దొరకదు" అన్నాడు. రోగెన్ అంటే రై. గోధుమకు దగ్గరి చుట్టం లాంటి ధాన్యం, చలిదేశాల్లో వేరే పంట సరిగా రాని ఇసుక నేలల్లో కూడా పండుతుంది, అక్కడి పేదోళ్ల నల్ల రొట్టె దాంతోనే. మనకు కొర్రలు, రాగులు ఎట్లనో వాళ్లకు అది.

సాయంత్రం మిద్దె మీద కూర్చున్నాం, నేను, బావమరిది, మా చిన్నాయన. గిన్నె నిండా ఉడకబెట్టిన చెనిక్కాయలు. ఎండలకు భయపడి సీసాలు గంటసేపు ఐసులో పెట్టడం నేను చేసిన తప్పు, మొదటి గుక్కలో చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు, చాలా నిరాశ పడ్డాను. పది నిమిషాలు గ్లాసులు అట్లే వదిలేశాం. అప్పుడు వచ్చింది వాసన. ముందు బాగా మగ్గిన అరటిపండు, దాని వెనకే లవంగం. ఆ రెండూ ఇందులో వేయరు, బవేరియా గోధుమ బీరుకు వాడే ఈస్టే పులిసేటప్పుడు ఆ వాసనలు పుట్టిస్తుంది.

రంగు ముదురు బెల్లం పాకం, కొంచెం మసక. నోట్లో పెట్టుకుంటే నీళ్లలా జారిపోదు, పలచని జావలా నాలుక మీద నిలబడుతుంది, కాల్చిన రొట్టె అంచు రుచి, మింగాక గొంతులో సన్నగా మిరియం లాంటి ఘాటు. ఆ చిక్కదనం రైదే. బార్లీ గింజకు పొట్టు ఉంటుంది, ఉడికిన పిండిలోంచి రసం దిగడానికి ఆ పొట్టే జల్లెడలా పనికొస్తుంది. రైకి పొట్టు లేదు, పైగా జిగురెక్కువ, మాల్టులో, అంటే బీరుకు వాడే మొలకెత్తించి ఎండబెట్టిన గింజల్లో, సగం దాకా రై పడేసరికి సంగటి మాదిరి బిగుసుకుని రసం దిగనంటుంది. అయినా ఓపిగ్గా చేసేవాళ్లున్నారు.

అసలు ఈ బీరు శతాబ్దాల పాటు దాదాపు కనుమరుగైపోయింది. 1516లో బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, చేదు కోసం వేసే హాప్స్ పూలు, నీళ్లు తప్ప ఇంకేమీ వాడకూడదని శాసనం చేశారు, రై రొట్టెలకే పోవాలన్నది ఒక కారణం. మళ్లీ 1988లో షియర్లింగ్ అనే ఊళ్లోని బ్రూవరీ దీన్ని బయటికి తెచ్చింది. తిండిగింజ తిండికే అన్న మాటను నేను తప్పుపట్టను, కరువు చూసిన ఊళ్లో పుట్టినవాణ్ని. కానీ ఇంత రుచి అన్నేళ్లు లేకుండా పోయిందే అని మాత్రం బాధేసింది.

చిన్నాయన జీవితమంతా సేద్యం చేసినవాడు. మన దగ్గర దొరికే స్ట్రాంగ్ బీర్లు ఆయనకు అస్సలు నచ్చవు. ఇది మాత్రం రెండు గుక్కలు తాగి, కాసేపు ఆగి, "గింజ తెలుస్తాంది రా ఇందులో" అన్నాడు. నేను ఇంతసేపు వెతుకుతున్న మాట అదే. బీరు గింజతో చేస్తారని అందరికీ తెలుసు, తాగేటప్పుడు ఆ గింజ తెలిసింది మాత్రం నాకు ఇదే మొదటిసారి.

రెండో సీసాను ఐసులోంచి ముందే తీసి పెట్టాం. చివర్లో సీసా కొంచెం తిప్పి అడుగున పేరుకున్న ఈస్టు కూడా వంచుకోవాలని బావమరిది చూపించాడు.

"ఈ రై మన ఎర్రనేలల్లో వస్తుందా?" అని అడిగాడు చిన్నాయన.

"దానికి చలి కావాలంట చిన్నాయనా."

"అయితే మనకు రాదులే" అని గ్లాసు అడుగున మిగిలిన మడ్డి కూడా తాగేశాడు.