కుడి మోకాలి మీద మచ్చ

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు ఫోన్ చేసినప్పుడు అందరిలాగే నాకూ ముందు బడి వెనకాల చింతచెట్టు, ఇంటర్వెల్ గంట, గేటు దగ్గర అవ్వ అమ్మే రేగిపళ్లు గుర్తొచ్చాయి. అవన్నీ ఎవరో ఒకరు రాసే ఉంటారు. నేను నామినల్ రోల్స్ గురించి రాస్తాను, అంటే పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల వివరాలతో బడి నింపి పంపే జాబితా.

మాది 1995 మార్చి పదో తరగతి బ్యాచి. పరీక్షలకి కొన్ని నెలల ముందు ఒకరోజు మన సోషల్ మాస్టారు వరండాలో బల్ల వేయించుకుని, చాపంత కాగితాలు పరుచుకుని కూర్చున్నారు. పక్కన అడ్మిషన్ రిజిస్టరు, రెండు రంగుల పెన్నులు, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు గులకరాళ్లు. ఒక్కొక్కరినీ పిలవడం, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఇంగ్లిషు పెద్దక్షరాల్లో రాయడం, రాసింది పైకి చదివించడం. ఆ తరవాత పుట్టుమచ్చలు. ఒక్కొక్కరికి రెండేసి కావాలి, సర్టిఫికెట్ మీద పడతాయి. మగపిల్లలు చొక్కాలు ఎత్తి, కాలర్లు దించి చూపిస్తున్నారు. ఒకడికి ఎంత వెతికినా రెండోది దొరకలేదు. "ఇప్పుడే బ్లేడుతో ఒకటి గీసుకొస్తా సార్" అన్నాడు. వాడు ఇప్పుడు కమిటీలోనే ఉన్నాడు, పేరు రాయను.

ఆడపిల్లల్ని స్టాఫ్‌రూమ్‌లోకి పంపారు, హిందీ మేడమ్ దగ్గరికి. నాకు ఎడమ మణికట్టు మీద ఒక మచ్చ ఉంది. రెండోది లేదు. చిన్నప్పుడు పొగాకు ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్ దగ్గర కర్రల మోపు మీద పడితే మోకాలు చీరుకుపోయింది. మేడమ్ ఆ గాటు చూసి "ఇది పోదులే, రాసేస్తున్నా" అన్నారు. అలా నా కుడి మోకాలు ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కింది.

పేరు దగ్గర మాత్రం మాస్టారు ఆగిపోయారు. నా పేరు చివర లక్ష్మి ఉంది. దాన్ని ఇంగ్లిషులో ఎక్స్ పెట్టీ రాయొచ్చు, కేఎస్‌హెచ్ పెట్టీ రాయొచ్చు. నేను నోటు పుస్తకాల మీద ఒక్కో ఏడు ఒక్కో రకంగా రాసుకున్నాను. ఆయన నా మూడు పుస్తకాలు తెప్పించి పక్కపక్కన పెట్టి, "వీళ్లు ముగ్గురా, ఒకరేనా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. "ఈ కాగితం మీద ఏది పడితే అదే రేపట్నుంచి నీ పేరు. మీ అమ్మానాన్నా పెట్టింది కాదు" అని, రిజిస్టరు చూసి కేఎస్‌హెచ్ ఖాయం చేసి, పదిసార్లు రాసుకు రమ్మన్నారు. పదో తరగతిలో నాకు పడిన ఆఖరి ఇంపోజిషన్ అదే.

యూనివర్సిటీకి అప్లై చేయడమంటే అప్లికేషన్ ఫారం కొన్న రోజున మొదలవుతుందని చాలాకాలం అనుకున్నాను. నా విషయంలో అది ఆ వరండాలో, ఆ గులకరాళ్ల మధ్య మొదలైంది. అప్పుడు నాకు తెలీదు, మాస్టారికి తెలుసు.

మన ఆఫీసు గుమాస్తాగారికి కూడా తెలుసు. టీసీ ఇచ్చేటప్పుడు అడక్కుండానే ఆరు నుంచి పది దాకా చదివినట్టు స్టడీ సర్టిఫికెట్ రాసిచ్చి, "పది జిరాక్సులు తీసి తలో చోట దాచు" అన్నారు. నేను రెండు తీసి, అసలుది పోగొట్టుకున్నాను. 1997లో ఎంసెట్ కౌన్సెలింగ్ ముందు దానికోసం బడికొస్తే ఎండాకాలం సెలవులు, తాళం. గుమాస్తాగారు అత్తగారి ఊళ్లో పెళ్లికెళ్లారన్నారు. రెండు బస్సులు మారి ఆ ఊరు వెళ్లాను. పెళ్లి పందిట్లో ఆకుల దగ్గర నేతి గిన్నె పట్టుకుని వడ్డిస్తున్న మనిషి నన్ను చూసి, "పోయిందా?" అని ఒక్క మాట అన్నారు. ముందు భోజనం పెట్టించారు. సాయంత్రం నాతోపాటే బస్సెక్కి వచ్చి, బడి తాళం తీసి, లాంతరు వెలుతురులో రిజిస్టరు వెతికి ఇంకోటి రాసిచ్చారు. ఈసారి పది జిరాక్సులూ తీశాను. ఎంసెట్లో నాకొచ్చిన ర్యాంకుకి అంత పరుగు అవసరమే లేదనుకోండి. కావలిలో బీఎస్సీలో చేరాను.

అప్పట్లో మనది ప్రకాశం జిల్లా, కావలి నెల్లూరు జిల్లా. బస్సు సౌకర్యం చూసుకుని మనవాళ్లు చాలామంది ఇంటర్‌కి అక్కడికే వెళ్లేవాళ్లు, నేనూ అంతే. జిల్లా మారితే ఏమవుతుందో 2000లో డిగ్రీ అయ్యేటప్పుడు తెలిసింది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం చదువుల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి. ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, నెల్లూరు నుంచి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. నావి ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు, ఐదూ కావలిలోనే. అంటే మన పక్కనున్న నాగార్జున యూనివర్సిటీకి నేను నాన్‌లోకల్. మిగిలిన 15 శాతంలో అందరితో కొట్లాడాలి. మా నాయనకి ఇది చెప్తే అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. "మన పొలం ఈడ, మన ఓటు ఈడ, నువ్వు నాన్‌లోకల్ ఏందే?" అన్నాడు. పొలం చూడరు నాయనా, బడి చూస్తారు అన్నాను. ఆ తర్కం ఆయనకి చివరిదాకా ఎక్కలేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తరవాత 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకం నుంచే రాజ్యాంగంలోకి 371-డి అధికరణం వచ్చింది, ఈ లోకల్ లెక్క దాన్నుంచి పుట్టింది. అదే పథకం నుంచి 371-ఇ కూడా వచ్చింది, దాంతో 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పుట్టింది. మొదట్లో ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచి, తరవాత గచ్చిబౌలి వెళ్లింది. కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి దానికి ఈ లోకల్ గొడవ లేదు. ఒక తలుపు మూసిన చేత్తోనే ఇంకో తలుపు తీసి ఉంచారన్నమాట. నేను ఎమ్మెస్సీ గణితానికి అక్కడే అప్లై చేద్దామనుకున్నాను.

అనుకుని, పాడు చేశాను. పరీక్షల హడావుడిలో ఫారం నింపడం రేపు రేపనుకుంటూ, గడువు రోజున కావలి పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టు చేశాను. రసీదు మీద ముద్ర కూడా సరిగ్గా ఆ తేదీదే పడింది, ఎంతో సంబరపడ్డాను. కానీ అది 'పంపవలసిన' తేదీ కాదు, 'చేరవలసిన' తేదీ. ఆ ఒక్క మాట నేను చదవలేదు. నాగార్జునలో ఆ 15 శాతం అంచుదాకా కూడా వెళ్లలేదు. తిరుపతి ప్రవేశ పరీక్ష బాగా రాయలేదు. ఒక సంవత్సరం పోయింది. ఊళ్లో ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్పాను.

ఆ దసరా సెలవుల్లో మాస్టారి ఇంటికెళ్లాను. రిటైరై, పెరట్లో బెండ మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. జరిగింది చెప్తే తిట్టలేదు. లోపలికెళ్లి పాత నామినల్ రోల్ కాగితం ఒకటి తెచ్చి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట అడుగున ఒక గీత గీసి, "ఇది ఫారం చేరాల్సిన రోజు. ఇక్కణ్ణుంచి పైకి రా" అన్నారు. చేరడానికి పోస్టులో ఐదు రోజులు. మధ్యలో ఆదివారం, ఏదో ఒక పండగ, ఇంకో రెండు. ఫీజు కోసం డిమాండ్ డ్రాఫ్టు, అదే డీడీ తీయడానికి బ్యాంకుకి ఒక రోజు, ఆ రోజు బ్యాంకులో పని జరక్కపోతే ఇంకో రోజు. జిరాక్సుల మీద గెజిటెడ్ అధికారి సంతకానికి, అదే అటెస్టేషన్‌కి మూడు రోజులు. "మూడెందుకు మాస్టారూ?" అంటే, "మన ఊరికి దగ్గర్లో గెజిటెడ్ సంతకం ఉన్నది పశువుల డాక్టరొక్కడికే. ఆయన క్యాంపులో లేని రోజు నీకు తెలుసా?" అన్నారు. ఫారం తెప్పించుకోడానికి సొంత చిరునామా కవరు పంపి, అది తిరిగి రావడానికి పదిహేను రోజులు. అలా మిగతా పనులకీ రోజులు వేసుకుంటూ అడుగు నుంచి ఎక్కుతూ పోతే కాగితం పైఅంచుకి జనవరి వచ్చింది. నేను పోయినేడు ఏప్రిల్‌లో మొదలెట్టాను.

ఆ కాగితం ఇంటికి తెచ్చి గోడకి అంటించాను. మా నాయన చదువుకోలేదు, ఏందని అడిగాడు. చెప్పాను. "ఇంతేనా? పొగనారు ఎప్పుడు పోస్తాం మనం?" అన్నాడు. నారుమడి ఆగస్టు, సెప్టెంబరుల్లో. నాటేది అక్టోబరు, నవంబరుల్లో. ఆకు కొట్టి బ్యారన్‌లో కాల్చేది సంక్రాంతి అటూ ఇటూ. కందుకూరు వేలం ఆ తరవాత. ఏ కొనుగోలుదారు కోసమూ ఆ వరస మారదు. మా ఇంట్లో డబ్బు కనపడేది కూడా వేలం మొదలయ్యాకే. అందుకే డీడీ డబ్బులు అక్టోబరులోనే పక్కన పెట్టించాడు, అమ్మ వాటిని మినప్పప్పు డబ్బాలో దాచింది. నాకు ఆరేళ్లు పట్టింది ఈ ఇద్దరూ చెప్పేది ఒకటేనని తెలియడానికి.

2001లో ఫారం గడువుకి పన్నెండు రోజుల ముందే చేరింది. పశువుల డాక్టరు గారు నిజంగానే రెండు రోజులు క్యాంపులో ఉన్నారు. మూడోరోజు ఒక గేదెకి ఇంజెక్షన్ ఇచ్చి, చెయ్యి కడుక్కుని, ఆకుపచ్చ ఇంకు పెన్నుతో పద్నాలుగు సంతకాలు పెట్టారు. ఒక జిరాక్సు మీద తడి వేలిముద్ర పడి ఇంకు పాకింది. ఫరవాలేదు, నా దగ్గర ఇంకా ఉన్నాయి. (ఇప్పుడు మన కాగితాల మీద మన సంతకమే చాలంటున్నారు. ఆ డాక్టరు గారికి ఎంత తీరుబడో.) ప్రొవిజనల్ సర్టిఫికెట్, మైగ్రేషన్ సర్టిఫికెట్ తిరుపతి నుంచి రావాలి. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదాంట్లోకి మారేవాళ్లకి మైగ్రేషన్ లేకపోతే గడవదు. సీటొచ్చిందని తెలిశాక వెళ్దామనుకునేదాన్ని అంతకుముందైతే. ఈసారి ప్రవేశ పరీక్షకి ముందే వెళ్లి, తెచ్చుకుని, పనిలోపనిగా కొండెక్కి దణ్ణం పెట్టుకుని వచ్చాను. సీటొచ్చింది. చేరే రోజు నా ముందు వరసలో ఒకబ్బాయి మైగ్రేషన్ లేక గడువు అడుగుతూ నిలబడ్డాడు. వాడి ముఖంలో పోయినేటి నేనే కనిపించాను.

గచ్చిబౌలి రోజులు ఇక్కడ రాయను, అది వేరే సంచిక. కానీ మొన్న మా అన్న కూతురి ఫారాలు నింపుతూ కూర్చుంటే మాస్టారి కాగితమే గుర్తొచ్చింది. ఇప్పుడు పోస్టు లేదు, డీడీ లేదు, 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాలకి సీయూఈటీ ఒకటే పరీక్ష. పిల్లకి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పదో తరగతి మెమోలో పొట్టి అక్షరం ఉంది. వీళ్లిద్దరా, ఒకరేనా? సరిచేయడానికి మీసేవ చుట్టూ తిరిగాం. ఓబీసీ సర్టిఫికెట్ ఇంట్లో ఉందిగా అంది మా వదిన. ఉన్నది రాష్ట్రం కోసం తీసుకున్న బీసీ సర్టిఫికెట్. కేంద్ర సంస్థలకి నాన్ క్రీమీలేయర్, అంటే కుటుంబం సంపన్న శ్రేణిలో లేదన్న సర్టిఫికెట్, వేరే నమూనాలో కావాలి, ఐఐటీల్లాంటి చోట్ల ఆ ఏడాది ఏప్రిల్ 1 తరవాత తీసుకున్నదే చెల్లుతుంది. పైగా రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు, ముందు అది చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్, అంటే ఏ రిజర్వేషన్‌లోకీ రాని పేద కుటుంబాల వాళ్లదీ అంతే, ఆదాయం లెక్క ఆర్థిక సంవత్సరం మారగానే మారుతుంది. అన్నీ ఏప్రిల్‌లోనే మీద పడతాయి, తహసీల్దారు ఆఫీసు ముందు ఊళ్లన్నీ ఏప్రిల్‌లోనే నిలబడతాయి.

ఇంకొకటి. ఈ సంచిక చదివే మనవాళ్లలో పిల్లల్ని తొమ్మిదో తరగతికి హైదరాబాద్ హాస్టళ్లకి పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, లెక్కేస్తే సరిగ్గా నాలుగు. నాకు కావలిలో జరిగిందే వాళ్లకి అక్కడ జరగొచ్చు. రాష్ట్ర విభజన తరవాత పదేళ్లున్న ఉమ్మడి ప్రవేశాల వెసులుబాటు 2024 జూన్‌తో అయిపోయింది కూడా. కోర్సుని బట్టి నిబంధనలు మారుతుంటాయి, నోటిఫికేషన్ మనమే చదువుకోవాలి. కానీ ఎక్కడ లోకల్ కావాలో తేల్చుకోవాల్సింది పిల్లాడు ఎనిమిదో తరగతిలో ఉండగా, ర్యాంకు కార్డు చేతికొచ్చాక కాదు. చదువుకోని మా నాయన అడిగిన ప్రశ్నే ఇప్పుడు ఇంజనీర్లు కూడా నన్ను అడుగుతున్నారు.

మాస్టారు లేరు. గుమాస్తాగారూ లేరు. ఆయన రాసిచ్చిన స్టడీ సర్టిఫికెట్ జిరాక్సులు పదిలో రెండు ఇంకా నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. వెనక ఆయన దస్తూరీలో నా అడ్మిషన్ నంబరు. సంచిక ఫారంలో ఆ నంబరు రాయమని కాలమ్ ఉంటే వెంటనే రాసేశాను, మా బ్యాచిలో నేనొక్కదాన్నే రాశానట.

పోయిన నెల సమ్మేళనానికి వచ్చినప్పుడు హిందీ మేడమ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. దగ్గరికెళ్లి పేరు చెప్పాను. పోల్చుకోలేదు. బ్యాచి చెప్పాను, ఊహూఁ. చివరికి బ్యారన్, కర్రల మోపు అన్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "కుడి మోకాలు! ఎవరైనా ఎప్పుడైనా చూపించమన్నారా అమ్మాయ్?" అని అడిగారు.

ముప్ఫై ఏళ్లు, నాలుగు విద్యాసంస్థలు, రెండు ఉద్యోగాలు. ఒక్కరూ అడగలేదు మేడమ్, అన్నాను.

"ఉందా ఇంకా?"

ఉంది.