బాయిలర్ రూమ్‌లోంచి విన్న యుద్ధం

నేవీ డే నాడు మావయ్య దగ్గర ఉండాలని ఎప్పటినుంచో కోరిక. ఈ డిసెంబరు 4న కుదిరింది. గుంటూరులో పొద్దున్నే బస్సెక్కి, వారధి దాటి విజయవాడలో దిగాను. టిఫిన్ అయ్యాక ఆయనే "పద, కాసేపు నీళ్ల మీదకి వెళ్దాం" అన్నారు. పున్నమి ఘాట్‌లో భవానీ ద్వీపం బోటు ఎక్కాం.

అందరూ సెల్ఫీల కోసం అంచుకి చేరారు. మావయ్య మాత్రం ఇంజిన్ పక్కన కూర్చుని, దాని మూత మీద అరచెయ్యి ఆనించారు. "ఇది డీజిల్‌ది. మాది ఆవిరి" అంటూ మొదలుపెట్టారు.

1971లో ఆయన విమానాల్ని మోసే యుద్ధనౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌లో స్టోకర్, అంటే బాయిలర్లలో మంట చూసుకునేవారు. ఓడకి నాలుగు బాయిలర్లు. ఆ ఏడు పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధానికి ముందే ఒకదానికి పగుళ్లొచ్చాయి. మిగతా మూడింటితోనే బంగాళాఖాతంలోకి వెళ్లారు. డిసెంబరు 4న సీహాక్ విమానాలు ఆ డెక్ మీద నుంచే లేచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి.

"అవి లేవడం చూశారా మావయ్యా?"

"ఎక్కడ్రా! నేను కింద డ్యూటీలో ఉన్నాను."

విమానాన్ని డెక్ మీద నుంచి విసిరే కేటపుల్ట్‌కి ఆవిరి ఆ బాయిలర్ల నుంచే పోవాలి. "పైన ధన్‌మనేది. గేజ్‌లో ముల్లు కాస్త కిందికి దిగేది. ఒకటి వెళ్లిందన్నమాట. వెంటనే మంట పెంచి ముల్లుని మళ్లీ ఎత్తాలి, వెనక ఇంకోటి రెడీగా ఉంటుంది." చూపుడువేలే ముల్లుగా గాల్లో ఆడించి చూపించారు. "దిగేటప్పుడు ఇంకో రకం చప్పుడు. వెళ్లినవన్నీ వచ్చాయని లెక్క తేలేదాకా మాలో ఎవరికీ నోట మాట వచ్చేది కాదు."

పైలట్లకి ఎంత పేరొచ్చినా తక్కువే. కానీ ఆ వేడిలో, ఆకాశం కూడా కనబడని చోట నిలబడి మూడు బాయిలర్లని కాచుకున్నవాళ్ల పేర్లు మనం ఎందుకు చెప్పుకోం? నాకిది అన్యాయమనే అనిపిస్తుంది.

ద్వీపంలో పెద్దగా తిరగలేదు. మావయ్యకి మోకాళ్ల నొప్పులు. చెట్టు కింద కూర్చున్నప్పుడు, విక్రాంత్‌ని 2014లో తుక్కు కింద అమ్మేశారన్న వార్త చదివిన రోజు అన్నం సయించలేదని చెప్పారు. మాట మారుద్దామని 2022లో చేరిన కొత్త విక్రాంత్ సంగతి ఎత్తాను. అందులో బాయిలర్లు లేవు, గ్యాస్ టర్బైన్లు. కేటపుల్ట్ కూడా లేదు, విమానాలు ఎత్తుగా వంచిన డెక్ మీదుగా పరుగెత్తి లేస్తాయి.

"అయితే కింద ఉన్నవాళ్లకి తెలుస్తుందంటావా, పైన ఒకటి వెళ్లిందని?" అన్నారు.

విశాఖలో నేవీలో చేస్తున్న నా స్నేహితుణ్ణి అడుగుదామన్నాను. తిరుగు బోటులోనే ఫోన్ చేయించారు.