పిట్స్‌బర్గ్ గుడి దాటాక

పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనం గురించి చాలామంది రాశారు, నేను మళ్ళీ రాయను. నాకు రాయాలనిపించింది ఆ మర్నాటి సంగతి. అల్లుడు నయాగరా అన్నాడు. నేను ఫోర్ట్ నెసెసిటీ అనే పాత కోట అన్నాను. "అక్కడ గడ్డి తప్ప ఏముంది మావయ్యగారూ?" అన్నాడు. బందరులో ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చరిత్ర చెప్పాను. అందులో పన్నెండేళ్ళు పరాసుపేటలో అద్దెకున్నాను. మా వీధికి ఆ పేరు పెట్టిన పరాసుల, అంటే ఫ్రెంచివాళ్ళ కథ ఎక్కడ మలుపు తిరిగిందో చూడాలని ఎప్పటినుంచో ఉంది. అమ్మాయి నా వైపు మాట్లాడింది.

యూనియన్‌టౌన్‌లో భోజనానికి ఆగితే మాంసం లేని శాండ్‌విచ్ ఒక్కటి పదహారు డాలర్లు, టిప్పు వేరే. లోపల రెండు టమాటా చక్రాలు, ఇంత ఆకు. ఆ డబ్బుకి అరటాకు భోజనం ఎంతమందికి పెట్టొచ్చో లెక్కేసుకుంటూ ఘాటు రోడ్డు ఎక్కాను. మనసు అక్కడే చిరాకు పడింది. పైన జుమాన్‌విల్ గ్లెన్ దగ్గర కారు దిగేదాకా ఆ చిరాకు పోలేదు.

దిగాక పోయింది. చెట్ల మధ్య చిన్న కాలిబాట. కొంచెం నడిస్తే రాతి గట్టు, దాని కింద పల్లం. మేం వెళ్ళేసరికి మరో మనిషి లేడు. 1754 మే 28 తెల్లవారుజామున ఆ గట్టు మీదికి అప్పట్లో ఇంగ్లీషువాళ్ళ వలస అయిన వర్జీనియా సైనికులు సుమారు 40 మంది, ఓ డజను మంది స్థానిక యోధులు వచ్చారు. రాత్రంతా వానలో, కన్ను కానరాని చీకట్లో నడిచి వచ్చారు. వాళ్ళ నాయకుడు జార్జి వాషింగ్టన్. వయసు 22. అంతకుముందు ఒక్క పోరు కూడా నడపలేదు. కింద పల్లంలో ఉన్నది జుమాన్‌విల్ అనే అధికారి, అతని వెంట ముప్ఫై పైచిలుకు పరాసులు. మొదటి తుపాకి ఎవరు పేల్చారో ఆ రోజు నుంచీ తగువే. పావుగంటలో అయిపోయింది. జుమాన్‌విల్‌తో సహా పదిమంది పరాసులు చచ్చిపోయారు, 21 మంది పట్టుబడ్డారు. అతను కబురు తెచ్చిన రాయబారి అని పరాసులు, కాదు వేగువాడని ఇంగ్లీషువాళ్ళు.

గొడవంతా ఒహాయో నది లోయ గురించి. వర్జీనియా ధనికులు ఆ భూముల కోసం ఒక కంపెనీయే పెట్టారు. పరాసులకేమో కెనడా నుంచి లూసియానా దాకా నదుల మీద దారి కావాలి. ఆ నేల మీద బతుకుతున్న వాళ్ళని ఇద్దరూ అడగలేదు. అంతకు ముందు ఏడాదే, 1753లో, నిజాం సలాబత్ జంగ్ మన సర్కారు జిల్లాల్ని పరాసుల సేనాని బుస్సీకి రాసిచ్చాడు. ఏలూరు రైతునీ శ్రీకాకుళం రైతునీ అడిగింది ఎవరు? ఆ రాతి మీద చెయ్యి వేసి నిలబడితే నాకు ఇదే గుర్తొచ్చింది.

అక్కణ్ణించి కోటకి. కోట అంటే మనకి కొండపల్లి, గోల్కొండ. ఇక్కడ పచ్చిక బయలు మధ్య గుండ్రంగా పాతిన దుంగల దడి, అదీ మళ్ళీ కట్టింది. అడ్డం 53 అడుగులు. మా తాతగారి కళ్ళం ఇంతకంటే పెద్దది. పొలం తెలిసిన కంటికి వెంటనే పట్టేది మరొకటి ఉంది: అది నీళ్ళు నిలిచే పల్లం, వరి వేసుకోవాల్సిన చోటు. చుట్టూ మెరక, మెరక మీద అడవి. జులై 3న జుమాన్‌విల్ సోదరుడే పరాసుల దండుతో వచ్చి ఆ చెట్ల చాటు నుంచి కాల్చాడు. జోరున వాన. కందకాలు నిండాయి, మందుగుండు తడిసింది. రాత్రి లొంగుబాటు కాగితం వచ్చింది, పరాసు భాషలో. దాన్ని చదివి చెప్పింది ఒక వలందవాడు, అంటే డచ్చివాడు. జుమాన్‌విల్‌ది 'హత్య' అని అందులో ఉంది. పరాసు భాష రాని వాషింగ్టన్ కింద సంతకం పెట్టాడు. ఆ మాటని పారిస్ ఊరికే వదిలిపెట్టలేదు.

తర్వాత అంతా అంటుకుంది. 1755లో పెద్ద సైన్యంతో వచ్చిన ఇంగ్లీషు సేనాని బ్రాడ్డక్ చచ్చిపోయాడు, సమాధి అక్కడికి దగ్గరే. 1756లో ఇంగ్లండు, ఫ్రాన్సు యుద్ధం ప్రకటించుకున్నాయి, అదే ఏడేళ్ళ యుద్ధం. ప్రష్యా చేతిలో పోయిన సైలీషియా సీమ తిరిగి కావాలని ఆస్ట్రియా తన పాత శత్రువు ఫ్రాన్సుతో చేయి కలిపింది. ప్రష్యా ఇంగ్లండు పక్కకి చేరి ఆగస్టులో శాక్సనీ మీద పడింది. రష్యా, స్వీడన్ దిగాయి, చివర్లో స్పెయిన్. 1758లో ఇక్కడి పరాసుల కోట పట్టుకుని ఇంగ్లీషు మంత్రి పిట్ పేరు పెట్టారు. మనం వెంకన్న కోసం వెళ్ళే ఊరి పేరు అలా వచ్చిందే.

మ్యూజియంలో ఒక రేంజరు, నా వయసువాడే, ఎక్కణ్ణించి వచ్చారని అడిగాడు. ఆ యుద్ధం మా ఊరికీ వచ్చిందన్నాను. ప్లాసీయా అన్నాడు. కాదు, చందుర్తి అన్నాను.

చందుర్తి మా అమ్మ పుట్టిల్లు, గొల్లప్రోలు పక్కన. పరాసులంటే పడని విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్ళని పిలిస్తే, క్లైవు బెంగాల్ నుంచి ఫోర్డు అనే సేనానిని ఓడల్లో పంపాడు. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర రెండు దళాలూ ఎదురుపడ్డాయి. ఫోర్డు తెల్ల సైనికులు ఏపుగా పెరిగిన చేను చాటున పడ్డారు. ఎర్ర కోట్లు వేసుకున్న సిపాయిల్నే తెల్లవాళ్ళనుకుని పరాసులు వాళ్ళ మీదికి ఉరికి, పక్క నుంచి దెబ్బ తిన్నారు. నాలుగు నెలలకి బందరు కోట కూడా పోయింది. సర్కారు జిల్లాల్లో పరాసుల పెత్తనం అక్కడితో సరి.

అల్లుడు గడియారం చూసుకుంటున్నాడు. రేంజరు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, చిన్న పుస్తకం తీసి చందుర్తి ఎలా రాయాలో అడిగాడు. ఇంగ్లీషులో చెప్పి, కింద తెలుగులో నేనే రాశాను.

"ఆ చేను ఇప్పటికీ ఉందా?" అన్నాడు.

పొలాలు ఉన్నాయన్నాను. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ గట్ల మీదే తిరిగాను. వాటిలో ఏది ఆ చేనో మాకెవరూ చూపించలేదని చెప్పాను.