ఎడమ వెనక మూల

పన్నెండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు కళ్ళు మూస్తే ఆ ఎడమ వెనక మూలే కనబడుతోంది. చిటికెన వేలు దూరేంత సందు. మా పికప్ బండి వెనక ఎక్కించుకోవడానికి నేను చేయిస్తున్న పడక డబ్బా పైకప్పు మూడు మూలలా చక్కగా కూర్చుంది, నాలుగో మూల మాత్రం గాల్లో ఉంది.

నిజానికి ఈ రాత్రి హాయిగా నిద్రపోవాలి. ఇన్ని నెలలకి ఈరోజే పైకప్పు మొదటిసారి లేచింది. బండిని గేటు బయటికి తెచ్చి, క్లిప్పులు తీసి, లోపల వంగి నిలబడి భుజంతో పైకి తోశాను. మొదటి అరడుగే కష్టం. పలకలు పడుకుని ఉన్నప్పుడు గ్యాస్ స్ట్రట్‌కి, అంటే పైకి తోసే గ్యాస్ గొట్టానికి, పట్టు దొరకదు, మనమే బలం పెట్టాలి. ఆ తర్వాత అవే అందుకున్నాయి. ముందు పలక, వెనక పలక నిటారుగా నిలబడ్డాయి, చుట్టూ కాన్వాస్ గుడ్డ బిగుసుకుంది. రెండడుగులు లేచి ఆగింది. చిన్నది చెప్పులు కూడా విప్పకుండా క్యాబిన్ మీది పరుపు ఎక్కి పడుకుని, "ఈరోజు ఇక్కడే అన్నం తింటా" అంది. అమ్మ బాల్కనీలోంచి చూస్తోంది. చెయ్యి ఊపాను.

కిందికి దించేసరికి ఆ మూల.

వెంటనే బండి తీసుకుని ఫ్యాబ్రికేషన్ షెడ్డుకి వెళ్ళాను. ఈయన కూడా వచ్చారు. రాకపోయి ఉంటే బాగుండేది అనిపించింది, ఎందుకో చెప్తాను.

ఈ ఫ్రేము మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. పాతిక ఎంఎం చదరపు ఇనుప ట్యూబు, 1.6 మందం, మీటరుకి కిలో రెండు వందల గ్రాములు దాకా తూగుతుంది. అల్యూమినియం అయితే అందులో మూడో వంతే. కానీ దాన్ని సరిగ్గా వెల్డ్ చేసేవాళ్ళు మా వైపు దొరకలేదు. అందుకని పైకప్పు వరకే అల్యూమినియం సెక్షన్లు, రివెట్లు. కింది ఫ్రేము ఇనుము. ఇనుముతో వచ్చే చిక్కు ఏమిటంటే, వెల్డింగ్ చల్లారేటప్పుడు అది ముడుచుకుంటుంది. ఒక వైపు నుంచి వరుసగా కాల్చుకుంటూ పోతే ఫ్రేము మొత్తాన్ని అటు లాగేస్తుంది. ముందు అన్ని మూలలా ట్యాకింగ్, అంటే చుక్కల్లా చిన్న అతుకులు, వేసి, మూల నుంచి మూలకి టేపు పట్టి, రెండు కొలతలూ ఒకటే వచ్చాక అప్పుడు ఎదురెదురుగా కొంచెం కొంచెం పూర్తి చేయాలి. ఈ మాట షెడ్డులో వెల్డింగ్ చేసే ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో. "అన్నా, ట్యాక్ చేసి ఆపండి, నేను వచ్చి కొలిచాక పూర్తి చేద్దురు" అని చెప్పి, కీళ్ళ కోసం సికింద్రాబాద్‌లో రాణిగంజ్ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మొత్తం వెల్డింగ్ అయిపోయి, గ్రైండింగ్ కూడా నడుస్తోంది. "ఏం గాదు మేడమ్" అన్నాడు. కొలిచాను, మూల నుంచి మూలకి రెండు ఎంఎం తేడా. సరేలే అని ఊరుకున్నాను.

ఈరోజు వెళ్ళి, "చూడండన్నా, ఫ్రేము మెలి తిరిగింది" అన్నాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కింద చూశాడు. లేచి ఈయన వైపు తిరిగి, "సార్, ఫ్రేము మంచిగనే ఉంది. కింద ప్యాకింగ్ చూస్కొమ్మనండి" అన్నాడు.

ప్యాకింగ్ అంటే డబ్బా కింద ఆనేలా పెట్టిన పట్టీలు. చూసుకోమనండి అట. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. డ్రాయింగ్ నాది. ట్యూబులు కొన్నది నేను. ఈయనకి ఆ బండిలో స్టీరింగ్ తప్ప ఏదీ తెలియదు, తెలుసని ఏనాడూ అనలేదు కూడా. కొలత నేను అడుగుతాను, జవాబు సార్‌కి వెళ్తుంది. రేటు నేను బేరమాడతాను, లెక్క సార్‌కి చెప్తారు. ప్లైవుడ్ షాపులోనూ ఇంతే. "పన్నెండు ఎంఎం షీటు ఎంత బరువు వస్తుంది" అని అడిగితే, "ఎవరికి మేడమ్, కార్పెంటర్‌ని తీస్కరండి, ఆయనకి చెప్తాం" అన్నారు. ఇంటికొచ్చి నేనే తూచుకున్నాను. ఎనిమిది బై నాలుగు షీటు ఇరవై ఒక్క కిలో. కాన్వాస్ కుట్టిన టైలరు ఒక్కడే నా మొహం చూసి మాట్లాడాడు. కిటికీ దగ్గర దోమతెర ఎంత మడత పెట్టాలో నాతో గంటసేపు కూర్చుని లెక్క వేశాడు. ఆ కుట్టు చూడాలి ఎంత బాగుందో. ఒక్క చోట కూడా లాగలేదు.

ఆ కోపంలో అనేశాను. "మీకు చెప్పిన పద్ధతిలో చేయడం రాకపోతే రాదని ముందే చెప్పాల్సింది" అని. ఆయన దగ్గర పని నేర్చుకునే ఇద్దరు పిల్లలు అక్కడే ఉన్నారు. ఆయన ఏమీ అనలేదు. గాగుల్స్ నుదుటి మీద నుంచి కిందికి లాక్కుని, వేరే గేటు పని మీదికి వెళ్ళిపోయాడు. వచ్చేటప్పుడు బండిలో ఈయన కూడా మాట్లాడలేదు.

అసలు ఈ లేచే పైకప్పు బాధంతా మా సెల్లార్ వల్ల వచ్చింది. ర్యాంపు దిగగానే అడ్డంగా ఉన్న బీము నేల నుంచి ఏడడుగుల రెండు అంగుళాలు. మా బండి క్యాబిన్ ఆరడుగుల పైన ఇంకో అంగుళం. మిగిలింది పదమూడు అంగుళాలు. అందులోనే క్యాబిన్ మీద పలక, పరుపు, మడిచిన కాన్వాస్, పైకప్పు అన్నీ పట్టాలి, బీముకి తగలకుండా ఇంకో రెండు అంగుళాలు వదలాలి. పరుపుని ఆరు అంగుళాల నుంచి మూడుకి తగ్గించింది అందుకే. బయట రోడ్డు మీద పెట్టుకునే వీలుంటే మామూలు డబ్బా కట్టేసి ఎప్పుడో అయిపోయేది.

దానికి తోడు రూల్సు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని గట్టిగానే చెప్పింది. అందుకే బండికి ఒక్క చిల్లు కూడా పెట్టలేదు, ఒక్క చోట కూడా అతకలేదు. డబ్బా వేరు, బండి వేరు. సామాను ఎక్కించినట్టు ఎక్కించి, కంపెనీ ఇచ్చిన నాలుగు కొక్కేలకి నాలుగు టర్న్‌బకిల్స్‌తో, అంటే తిప్పి బిగించే మరలతో, బిగించడమే. నలుగురు పడితే దింపేయొచ్చు.

అమ్మకి ఇవేవీ అక్కర్లేదు. ఆవిడ అడిగింది ఒక్కటే, వచ్చే జాతరకి అందులో మేడారం తీసుకెళ్తావా అని. పోయినసారి కారులో వెళ్ళి ట్రాఫిక్‌లో రాత్రంతా కూర్చునే ఉంది. తెల్లారేసరికి కాళ్ళు వాచిపోయాయి. కాస్త నడుం వాల్చే చోటు ఉంటే చాలంటుంది.

నేను మొదటిసారి మేడారం వెళ్ళింది 1990లో, తాత గూడుబండిలో. పరకాల దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరి నుంచి ఏడు బండ్లు కట్టారు. ములుగు దాటి తాడ్వాయి అడవిలోకి వచ్చేసరికి ముందూ వెనకా ఎంత దూరం చూసినా బండ్లే. తాత మా బండికి వెదురు బద్దలు వంచి, పైన ఈత చాపలు కప్పాడు. లోపల వరిగడ్డి, దాని మీద గొంగడి. తలాపున అమ్మవార్లకి ఇచ్చే బంగారం, అంటే బెల్లం, బుట్టలో గుడ్డ కప్పి పెట్టారు. దాని పక్కన పడుకోవాలని నేను, మామయ్య కొడుకు కొట్టుకున్నాం. నేనే గెలిచాను. అర్ధరాత్రి లేచేసరికి నా జడ రిబ్బను నిండా చీమలు. మాఘమాసం చలిలో అమ్మమ్మ నన్ను కిందికి దింపి, లాంతరు దగ్గర కూర్చోబెట్టి, ఒక్కో చీమనీ దులిపింది. బెల్లం బుట్ట చుట్టూ తడిగుడ్డ చుట్టింది. ఆ వాసన, గడ్డి, కిరసనాయిలు, బెల్లం కలిసిన వాసన, ఇప్పటికీ ఎప్పుడైనా తగిలితే ఆగిపోతాను. జంపన్న వాగులో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో, సమ్మక్కని చిలకలగుట్ట నుంచి తెచ్చేటప్పుడు జనం ఎలా ఒక్కసారిగా కదిలారో, తాత నన్ను భుజం మీద ఎక్కించుకుంటే నాకు తలలు తప్ప ఏమీ కనబడకపోవడం, అన్నీ గుర్తున్నాయి. కానీ ఎక్కువ గుర్తున్నది బండి ఆపే పని. ఎడ్లని విప్పగానే బండి ముందుకి వాలిపోతుంది కదా. కాడి కింద దుంగ పెట్టేవాడు తాత. మామయ్యేమో చీకట్లో చదునైన రాళ్ళు వెతుక్కుని వచ్చి చక్రాల కింద దూర్చేవాడు. అమ్మమ్మ లోపల కూర్చుని అటూ ఇటూ కదిలి చూసేది. "ఇంకా ఊగుతాంది" అనేది. మళ్ళీ రాయి. "ఈ పక్కకి వంగింది." ఇంకో రాయి. ఆవిడ సరే అనేదాకా ఎవరూ పడుకోవడానికి లేదు. తాత విసుక్కునేవాడు కాదు. వంగి లాంతరు కిందికి పట్టి, ఏ చక్రం కింద సందు ఉందో వేలు పెట్టి చూసేవాడు...

ఇక్కడిదాకా రాసి ఆపి కిందికి వెళ్ళొచ్చాను. ఇప్పుడు ఒకటిన్నర.

టార్చి, పదమూడో నంబరు స్పానరు పట్టుకుని సెల్లార్‌లోకి వెళ్ళాను. వాచ్‌మన్ లేచి "ఏమైందమ్మా" అంటే ఏం లేదు పడుకోమన్నాను. బండి వెనక తలుపు దించి, పొట్ట మీద పడుకుని, డబ్బా అడుగున లైటు వేశాను. మూడు మూలల కింద ప్లైవుడ్ పట్టీ బండి అడుగుని ఆనుకునే ఉంది. ఎడమ వెనక మూల దగ్గర బండి రేకులో ఉన్న గాడి మీదుగా పట్టీ పోయింది. కింద ఖాళీ. నా వేలు లోపలికి పోయింది.

టర్న్‌బకిల్‌ని ఒక చుట్టు వదులు చేశాను. ఇంకో చుట్టు. ఇనుము చిన్నగా టక్కుమంది. లేచి పైన చూస్తే సందు సగమైంది. ఇంకో రెండు చుట్లు వదిలితే నా చిటికెన వేలు కాదు కదా, పోస్టుకార్డు కూడా కష్టంగా దూరేటంత మిగిలింది.

మొన్న ఆ మూల కొంచెం కదులుతోందని, నేనే దాన్ని బలమంతా పెట్టి బిగించాను. కింద ఆధారం లేని మూలని కొక్కేనికి వేసి లాగాను. కోడు పొట్టిదైన మంచానికి ఆ మూల బరువు పడితే మంచమంతా మెలిపడినట్టు, ఫ్రేము ఆ మూల కిందికి దిగింది. పైకప్పు గట్టిది, అది దిగలేదు. సందు వచ్చింది. మూల నుంచి మూలకి కొలిస్తే ఇది తెలియదు, మెలి తిరిగినా ఆ రెండు కొలతలూ ఒకటే వస్తాయి. మూలల మధ్య రెండు దారాలు ఇంటూ ఆకారంలో లాగి కట్టి, మధ్యలో ఒకదానికొకటి తగులుతున్నాయో లేదో చూడాలి. పైకప్పు ఎక్కించక ముందు ఆ పని చేయలేదు, టేపు పట్టి ఊరుకున్నాను.

కింద ప్యాకింగ్ చూసుకోమన్నాడు ఆయన. సరిగ్గా చెప్పాడు. ఒక్కసారి వంగి చూసి చెప్పాడు. నేను అది తప్పించుకునే మాట అనుకున్నాను.

అలాగని అంతా ఆయన వైపే న్యాయం ఉందనీ అనలేను. ట్యాకింగ్ దగ్గర ఆపమంటే ఆపలేదు, ఆ రెండు ఎంఎం ఆయన పనే. ఆ మాట నాకే చెప్పి ఉంటే అక్కడే పడుకుని చూసేదాన్ని, ఇంత దూరం వచ్చేది కాదు. ఆ విషయం మాత్రం ఆయనకి చెప్తాను. ఆ పిల్లల ముందు నేనన్న మాట వేరే. పని రాదని అన్నాను, ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తున్న మనిషిని. అది ఫోన్లో చెప్పి సరిపెట్టే మాట కాదు. పొద్దున షెడ్డు తెరిచేసరికి వెళ్తాను, ఆ ఇద్దరు పిల్లలు వచ్చాకే చెప్తాను. ఈయన్ని రావద్దన్నాను, అంటే నిద్రలో ఉండగానే అన్నాను, ఊఁ అన్నారు.

రాణిగంజ్‌లో కన్వేయర్ బెల్టు ముక్కలు కిలో లెక్కన అమ్ముతారు, పది ఎంఎం మందం. నాలుగు మూలలకీ అవే వేయాలి, ప్లైవుడ్ అయితే వానకి ఉబ్బుతుంది. టర్న్‌బకిల్స్ చేత్తో బిగిసినంత వరకే, స్పానరు పెట్టకూడదు. పెట్టాక అమ్మని లోపల కూర్చోబెట్టి అటూ ఇటూ కదలమనాలి.