పాలు అంటే హాలు

నంద్యాల వదిలి బెంగళూరు వచ్చి ఆరేళ్లయింది. వర్తూరు వైపు అపార్టుమెంట్లు కట్టే చోట, రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలకు చదువు చెబుతాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడి మొహం చూడని పిల్లల్ని కూడా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. మంచి చట్టం. కానీ కన్నడ అక్షరం రాని పదకొండేళ్ల పిల్లాడు ఆరో తరగతిలో ఎలా నెగ్గుకొస్తాడు? అందుకే ముందు మా దగ్గర అక్షరాలు దిద్దిస్తాం.

పాలమూరు నుంచి వచ్చిన ఆ పిల్లాడు నోరు విప్పేవాడు కాదు. పలక ఇస్తే విసిరేసేవాడు. ఒకరోజు పక్కవాడి పుస్తకం చింపేశాడు. ఓపిక నశించి, "రేపు మీ నాన్నను తీసుకురా" అన్నాను.

ఆయన సెంట్రింగ్ పని మానుకుని వచ్చాడు. ఆ పూట కూలి పోయింది. "నాలుగు తగిలియ్యుండ్రి మేడం" అంటూనే, నేను ఆపేలోపు కొడుకు వీపు మీద రెండు వేశాడు. వాడు ఏడవలేదు. నా వైపు చూశాడు, అంతే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు వాడి పక్కన నేల మీద కూర్చుని, "మీ నాన్నను పిలవడం నా తప్పురా. ఇంక పిలవను" అన్నాను. వాడు నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? వారం తిరక్కుండానే సుద్దముక్కల డబ్బా మొత్తం బకెట్ నీళ్లలో బోర్లించాడు. కోపం ముంచుకొచ్చింది. ఫోన్ చేతిలోనే ఉంది. చెయ్యలేదు. మెత్తబడిన సుద్దముక్కల్ని ఏరి, ఇద్దరం ఎండలో ఆరబెట్టాం.

ఆరబెడుతూ తల ఎత్తకుండానే అడిగాడు: "మిస్, వీళ్లు పాలను హాలు అంటరెందుకు?"

దుకాణంలో పాలు అడిగితే ఎవరో నవ్వారట. వచ్చిన కొత్తలో ప్యాకెట్ వైపు వేలు చూపించి కొనుక్కున్నదాన్నే నేనూ. ఆ మాటే చెప్పాను. వెనకటి కన్నడంలో కూడా ఇలాంటి మాటలు 'ప'తోనే మొదలయ్యేవని, పోనుపోను 'హ' అయ్యాయని చెప్పాను. పులి హులి అయింది, పాము హావు అయింది.

"మరి పంది?"

"హంది!" మొదటిసారి వాడి పళ్లు కనిపించాయి. కాసేపు ఆలోచించి, "అయితే మారతహళ్లిల హళ్లి అంటే పల్లెనా మిస్?" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. రోజూ ఆ బోర్డున్న బస్సెక్కే నాకు ఆ సంగతి తట్టడానికి రెండేళ్లు పట్టింది.

అలాగని మర్నాటి నుంచే బుద్ధిమంతుడు కాలేదు. ఒత్తుల దగ్గర ఇప్పటికీ విసుగొచ్చి పలక నేలకేసి కొడతాడు.

మొన్న సాయంత్రం తనే వచ్చి, "మా నాయనకు ఫోన్ చెయ్యుండ్రి మిస్" అన్నాడు. నా గుండె గుభేలుమంది. "ఏం చేశావురా?"

"ఏం చెయ్యలే. నా పేరు కన్నడంల రాసిన. అది చెప్పుండ్రి."